రెండు ధరలు చెప్పే మూడో మనిషి

ఎన్నికల్లో ఎవరు గెలుస్తారు, వచ్చే నెల వడ్డీ రేటు తగ్గుతుందా, ఫలానా సినిమాకు ఆస్కార్ వస్తుందా? ఇలాంటి ప్రశ్నల మీద వాటాలు కొని అమ్మే బజార్లను ప్రిడిక్షన్ మార్కెట్లు అంటున్నారు. వాటి లెక్క తేలిక. అనుకున్నది జరిగితే వాటాకు ఒక డాలరు, జరగకపోతే సున్నా. వాటా 62 సెంట్లకు నడుస్తోందంటే అది జరిగే అవకాశం నూటికి 62 పాళ్లని బజారు అంచనా. ఈ అంకెను మెచ్చుకునేవాళ్లు జనం తెలివి అంటారు, తిట్టేవాళ్లు జూదం అంటారు. ఇద్దరూ ఒక సంగతి పట్టించుకోరు. 62 అన్నది జనమంతా ఒక్క గొంతుతో పలికిన మాట కాదు. ఎవరో ఒకరు ముందే వచ్చి, 61కి కొంటాను, 63కి అమ్ముతాను అని రెండు ధరలు చెప్పి నిలబడితేనే మిగిలినవాళ్లు ఆ ధరను పైకో కిందికో నెట్టగలుగుతారు. పందెం కట్టడానికి ఇద్దరు చాలు. పందెం బజారుగా మారాలంటే మాత్రం ఈ మూడో మనిషి కావాలి. ఇవాళ ఆ పని చాలామేరకు బాట్‌ల చేతికి వచ్చింది. అంటే ఎవరూ మీట నొక్కకుండానే, రాసిపెట్టిన సూత్రాల ప్రకారం కొనుగోలు, అమ్మకపు ఆర్డర్లు పెట్టి, మార్చి, రద్దు చేసే ప్రోగ్రాములు. వీటిని కలికాలపు వింతగా చూసే అలవాటు ఉంది. చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఈ కొలువు అయిదు వందల ఏళ్ల నాటిది, బాట్ అందులో చేరిన కొత్త ఉద్యోగి. పని దాదాపు పాతదే. మారింది ఆ పనికి పడాల్సిన పూచీ.

మొదట కనిపించే మూడో మనిషి రోమ్ దళారి. కొత్త పోప్ ఎవరవుతారన్న దాని మీద పందాలు 1503 నాటికే పాత ఆచారం. నగరంలో బ్యాంకర్ల దుకాణాలున్న బాంకీ వీధిలో దళారులు ఏ కార్డినల్‌కు ఎంత అవకాశం ఉందో ధర చెప్పి, పందాలు రాసుకునేవారు. కార్డినళ్లు తలుపులు మూసుకుని ఓటు వేసే ఆ తతంగం లోపలి సంగతి బయటికి పొక్కకూడదు. కానీ 1549లో మొదలైన ఎన్నికప్పుడు రోమ్‌లో ఉన్న వెనిస్ రాయబారి రాసిన దాన్ని బట్టి, లోపల ఉన్న కార్డినళ్ల పరిచారకులు బయటి వ్యాపారులతో పందాల్లో భాగస్వాములయ్యేవారు. గుట్టు తెలిసినవాడికీ డబ్బున్నవాడికీ నడుమ ధర వారధి అయింది. 1591లో పోప్ 14వ గ్రెగరీ పోప్ ఎన్నిక మీద, పోప్ పదవీకాలం మీద, కొత్త కార్డినళ్ల నియామకం మీద పందాలు కాస్తే మతం నుంచి వెలివేస్తామని ఆజ్ఞ జారీ చేశాడు. ఇలాంటి బజారు కేవలం కాలక్షేపమైతే ఇంత కఠినమైన శిక్ష అక్కర్లేదు. ధర నిజానికి దగ్గరగా ఉండటమే పాలకులను కలవరపెట్టి ఉండాలి. ఆ ధర చెప్పే మనిషి మాత్రం అందరికీ తెలిసిన వీధిలో, అందరికీ తెలిసిన బల్ల వెనక కూర్చునేవాడు. పందెం చెల్లకపోతే ఎవరి గుమ్మం తొక్కాలో జనానికి తెలుసు.

ఈ కొలువు వైభవం చూడాలంటే న్యూయార్క్ వెళ్లాలి. ఆర్థికవేత్తలు పాల్ రోడ్, కోలెమన్ స్ట్రంఫ్ పాత పత్రికలు తిరగేసి తేల్చిన ప్రకారం 1868 నుంచి 1940 దాకా అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద అక్కడ భారీ బజారు నడిచింది. 1921లో కప్పు కిందికి చేరేదాకా బ్రాడ్ వీధి రోడ్డు మీదే షేర్లు అమ్మిన కర్బ్ బ్రోకర్లు, ఎన్నికల ఋతువులో అభ్యర్థుల మీద కూడా ధరలు అరిచేవారు. ఆ ధరలు రోజూ పత్రికల్లో వచ్చేవి. ఈ బజారుకు వెన్నెముక బెట్టింగ్ కమిషనర్. ఇరుపక్షాల సొమ్మూ తన దగ్గర ఉంచుకుని, ఫలితం తేలాక గెలిచినవాడికి ఇచ్చి, గెలుపు సొమ్ములో సాధారణంగా నూటికి 5 కమిషన్‌గా తీసుకునేవాడు. ఎదుటి పక్షం దొరకనప్పుడు వెతికి తెచ్చేవాడు. ఒక చోట ఒక ధర, మరో చోట ఇంకో ధర ఉంటే రెండిటినీ దగ్గరికి లాగేవాడు. అతని ఆస్తి డబ్బు కాదు, పేరు. ఫలితం తేలాక ఒక్కసారి చెల్లింపు ఎగ్గొట్టినా మర్నాటి నుంచి అతని దగ్గరికి ఎవరూ రారు. కోర్టులు పందెపు బాకీలను వసూలు చేసిపెట్టని కాలంలో ఇంత డబ్బు చేతులు మారిందంటే దానికి ఆధారం ఈ పరువే.

ఆ పద్ధతి ఎంత బాగా పనిచేసిందో అంకెలు చెబుతాయి. 1884 నుంచి 1940 వరకు జరిగిన 15 ఎన్నికల్లో అక్టోబర్ నడిమికి బజారు మొగ్గు చూపిన అభ్యర్థి 11 సార్లు గెలిచాడు. మూడు సార్లు ధరలు సరిసమానంగా ఉన్నాయి, ఆ పోటీలూ హోరాహోరీగానే ముగిశాయి. బజారు స్పష్టంగా పొరబడింది ఒక్క 1916లోనే. మొగ్గు చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ వైపు ఉంది, కాలిఫోర్నియాలో నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో ఉడ్రో విల్సన్ నెగ్గుకొచ్చాడు. ఆ ఏడాది న్యూయార్క్‌లో చేతులు మారిన పందెం సొమ్ము 2002 నాటి విలువలో 16.5 కోట్ల డాలర్లు. 1908లో న్యూయార్క్ గవర్నర్‌గా గుర్రప్పందాల బెట్టింగును నిషేధించే చట్టం తెచ్చింది ఈ హ్యూస్ గారే. ఆయన పేరు మీదే రికార్డు పందాలు నడిచాయి. శాస్త్రీయమైన సర్వేలు ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో పదిహేనింటిలో ఒక్కసారే స్పష్టంగా పొరబడటం చిన్న విషయం కాదు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు 24 లక్షల ఓటు పత్రాలు సేకరించి కూడా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పి నవ్వులపాలైంది. అదే ఎన్నికలో శాస్త్రీయ పద్ధతిలో సాగిన గాలప్ సర్వే అంచనా నిలిచింది. అలా పత్రికలకు అంకెలు ఇచ్చే మరో వనరు దొరికింది. 1939లో న్యూయార్క్ గుర్రప్పందాల్లో ఉమ్మడి పందానికి చట్టం అనుమతి ఇవ్వడంతో డబ్బు అటు మళ్లింది. బ్రోకర్లకు ఎన్నికల పందాల మీద ఆంక్షలు బిగిశాయి. కమిషనర్ కొలువు ఖాళీ అయింది, దానితో పాటే ఆ బజారూ మాయమైంది.

మళ్లీ ఆ బజారు తెరిచింది ఒక విశ్వవిద్యాలయం. 1988లో మిషిగన్ ప్రాథమిక పోటీలో జెస్సీ జాక్సన్ గెలుపును సర్వేలు పసిగట్టలేకపోవడం చూసి అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యులు రాబర్ట్ ఫోర్సైత్, ఫారెస్ట్ నెల్సన్, జార్జ్ న్యూమన్ కంప్యూటర్ మీద ఒక రాజకీయ షేర్ మార్కెట్ పెట్టారు. ఒక్కొక్కరు పెట్టగలిగింది 500 డాలర్లే. దళారి లేడు, కమిషన్ లేదు. ఒక డాలరు కడితే అభ్యర్థులందరి వాటాలున్న ఒక కట్ట వస్తుంది. అందులో నచ్చనివి అమ్ముకోవచ్చు, నచ్చినవి మరిన్ని కొనుక్కోవచ్చు. ఎవరైనా తమ ధర రాసిపెట్టి వేచి ఉండవచ్చు, లేదా ఎవరో రాసిన ధర ఒప్పుకుని అప్పటికప్పుడు కొనవచ్చు. 1988 నుంచి 2004 వరకు అయిదు ఎన్నికల్లో 964 సర్వేలతో పోల్చి చూస్తే నూటికి 74 సార్లు ఈ బజారు ధరే తుది ఫలితానికి దగ్గరగా ఉంది. మూడో మనిషి లేకుండానే బజారు నడిచిందనడానికి ఇదే రుజువని అనిపిస్తుంది. కానీ లోపలికి వెళ్లి చూసిన పరిశోధకులకు వేరే దృశ్యం కనిపించింది. పాల్గొన్నవాళ్లలో చాలామంది తమ పార్టీ వైపు మొగ్గినవాళ్లే, తప్పు లెక్కలు వేసినవాళ్లే. ధరను సరైన చోట నిలబెట్టింది ధరలు రాసిపెట్టి చురుగ్గా కొని అమ్ముతున్న కొద్దిమంది. 2004లో వచ్చిన ఒలివెన్, రీట్జ్ అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది. ఎవరో రాసిన ధర ఒప్పుకుని కొనేవాళ్లు తరచూ పొరపాట్లు చేస్తుంటే, ధర రాసిపెట్టేవాళ్ల పొరపాట్లు చాలా తక్కువ. కమిషనర్‌ను గేటు బయట ఆపినా, అతని పని లోపలికి వచ్చి కూర్చుంది.

ఆ పనిని మనుషులకు వదలకుండా సూత్రానికి అప్పగించాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. సినిమాల వసూళ్ల మీద ఉత్తుత్తి డబ్బుతో నడిచే హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1996లో మొదలైనప్పుడే కంప్యూటర్ ఎదుటి పక్షంగా నిలబడి ధర చెప్పే ఏర్పాటు చేసుకుంది. ఆర్థికవేత్త రాబిన్ హాన్సన్ 2003లో దీనికి గట్టి గణితం అందించాడు. ఆయన లాగరిథమిక్ స్కోరింగ్ సూత్రం ప్రకారం యంత్రం ఎప్పుడూ, ఎంతకైనా ఒక ధర చెబుతుంది. కొనేవాళ్లు పెరిగేకొద్దీ ధర దానంతట అదే పెరుగుతుంది. నిర్వాహకుడికి వచ్చే గరిష్ఠ నష్టం ముందే తెలుస్తుంది. అవును, కాదు అన్న రెండు జవాబులే ఉన్న ప్రశ్నకు సూత్రంలోని కీలక సంఖ్యను 100 డాలర్లుగా పెడితే ఆ నష్టం 70 డాలర్లు దాటదు. నలుగురైదుగురే ఉన్న బజారులోనూ ధర పుట్టించగలగడం దీని గొప్ప. కానీ సూత్రానికి కళ్లు లేవు. ఎన్నికల ఫలితం వచ్చేసినా అది పాత ధరకే అమ్ముతూ ఉంటుంది, తెలిసినవాడు వచ్చి ఊడ్చుకుపోతాడు. మామూలు షేరు ధర పడినా మళ్లీ లేవవచ్చు. ఇక్కడ చివరికి ఒక వాటా డాలరు, రెండోది సున్నా అయి తీరతాయి. అందువల్ల కదలకుండా కూర్చున్నవాడి దగ్గర చివరికి మిగిలేది ఓడిన వాటాలే. 2020లో మొదలైన పాలీమార్కెట్ తొలినాళ్లలో ఇలాంటి సూత్రంతోనే నడిచి, తర్వాత ఎవరి ధర వాళ్లు రాసిపెట్టే ఆర్డర్ల పట్టీకి మారింది. ధర చెప్పడమే కాదు, సమయానికి వెనక్కి తీసుకోవడం కూడా తెలిసిన మూడో మనిషి కావలసివచ్చాడు.

ఆ అవసరమే బాట్‌ను పెంచింది. అది చేసేది పాత కమిషనర్ దినచర్యే. ముందుగా బజారు పట్టీ చదువుతుంది. ఎవరు ఏ ధరకు ఎన్ని వాటాలు అడుగుతున్నారో, అమ్ముతున్నారో చూస్తుంది. సర్వేనో, వార్తనో, మరో బజారు ధరనో తీసుకుని తన అంచనా కడుతుంది. అంచనా 62 అయితే 61కి కొనుగోలు, 63కి అమ్మకం లిమిట్ ఆర్డర్లుగా, అంటే చెప్పిన ధరకు మించి కొనని, తగ్గి అమ్మని ఆర్డర్లుగా పెడుతుంది. రెండూ పూర్తయితే నడుమ ఉన్న రెండు సెంట్లు దానివి. కొనుగోలు వైపే నిండిపోతుంటే చేతిలో సరుకు పెరిగిందని గుర్తించి రెండు ధరలనూ కాస్త దించుతుంది. వార్త వస్తే ముందు ఆర్డర్లు రద్దు చేస్తుంది, తర్వాతే ఆలోచిస్తుంది. 'అవును' వాటా 60కి, 'కాదు' వాటా 38కి దొరికితే రెండూ కొంటుంది. ఫలితం ఏదైనా 98 సెంట్లకు డాలరు వస్తుంది కాబట్టి ఆ తేడా మాయమయ్యేదాకా కొంటూనే ఉంటుంది. పాలీమార్కెట్‌లో నడి ధరకు దగ్గరగా ఆర్డర్లు పెట్టి ఉంచేవాళ్లకు బహుమానాలు ఇస్తారు. అమెరికా నియంత్రణ సంస్థ అనుమతితో 2021లో తలుపులు తెరిచిన కల్షీలో 2024 నుంచి సస్క్వెహన్నా అనే పెద్ద ట్రేడింగ్ సంస్థ ఈ రెండు ధరల పని చేపట్టింది. బ్రాడ్ వీధి కమిషనర్ ఒక రోజులో చెప్పే ధరలు బాట్ ఒక నిమిషంలో చెప్పగలదు. అంతకుమించి పనిలో తేడా లేదు.

తేడా ఉన్నది పూచీలో అని 2011 డిసెంబర్ 28న ఐర్లండ్‌లోని లెపర్డ్స్‌టౌన్ గుర్రప్పందెం చూపించింది. బెట్‌ఫెయిర్ 2000లో లండన్‌లో మొదలైన పందెపు ఎక్స్ఛేంజ్. అక్కడ జనమే ఒకరికొకరు పందెం అమ్ముకుంటారు, బాట్‌లకు తలుపులు తెరిచే ఉంటాయి. వోలెర్ లా వెడెట్ అనే గుర్రం పరుగులో ముందంజలో ఉండి గెలవబోతుండగా, ఒకటికి 28 ఇస్తామంటూ దాని మీద భారీ ఆర్డరు పట్టీలో కనిపించింది. ఆ ఆర్డరు మొత్తం అమలైతే చెల్లించవలసింది 60 కోట్ల పౌండ్ల దాకా. ఆర్డరు పెట్టింది ఒక ఖాతాదారుడి బాట్. ఆ ఖాతాలో ఉన్నది వెయ్యి పౌండ్ల లోపు. ఖాతా స్తోమతును దాటే ఆర్డరును ఆపవలసిన వ్యవస్థ ఆపలేదు. గుర్రం గెలిచింది, బెట్‌ఫెయిర్ పరుగు మధ్యలో కాసిన పందాలన్నిటినీ రద్దు చేసింది, గెలిచామనుకున్నవాళ్లు మండిపడ్డారు. బ్రాడ్ వీధి కమిషనర్ ఎవరైనా ఇలాంటి ధర అరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు అతని ముఖం చూసి, స్తోమతు తెలిసి, నవ్వి ఊరుకునేవారు. బాట్ ముఖం ఎవరికీ కనిపించదు. కమిషనర్ పరువు చేసిన కాపలాను ఇప్పుడు ఖాతా తనిఖీ చేయాలి. ఆ తనిఖీ తప్పితే బజారు చెప్పే ధరకు వెనక ఏమీ ఉండదు.

దీనికి మొదటి అభ్యంతరం ఇలా ఉంటుంది: మనుషులకు ఎన్నికల గురించి ఏదో తెలుసు, బాట్‌లకు ఒకదాని ధర ఒకటి చూసుకోవడమే తెలుసు, అందువల్ల ధర డొల్ల అవుతుంది. ఈ మాటలో కొంత నిజం ఉంది. బాట్ కొత్త జ్ఞానం తేదు. అయితే కమిషనర్ కూడా తేలేదు. అతను చేసింది తెలిసినవాడు వచ్చి తన తెలివిని అమ్ముకునే చోటు తెరిచి ఉంచడం. ఆ చోటు పలచబడితే ఏమవుతుందో 2012లో డబ్లిన్ కేంద్రంగా నడిచిన ఇంట్రేడ్ అనే బజారులో కనిపించింది. రోత్‌షీల్డ్, సేఠీ అనే పరిశోధకుల లెక్క ప్రకారం అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు చివరి రెండు వారాల్లో మిట్ రామ్నీ మీద వచ్చిన డబ్బులో మూడో వంతు ఒక్క ఖాతా నుంచే వచ్చింది, ఆ ఖాతాదారుడు దాదాపు 40 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు. అదే సమయంలో బెట్‌ఫెయిర్‌లో ఒబామా అవకాశాలు అంతకంటే ఎక్కువగా ఉన్నాయి. రెండు బజార్ల నడుమ తేడాను పూడ్చేంత సొమ్ము, వేగం అక్కడ లేకపోయాయి. ఒక్కడి పట్టుదల ధరను వంచగలిగింది. రెండు వైపులా తడబడకుండా ఆర్డర్లు పెట్టే చేతులు ఎన్ని ఎక్కువుంటే ఇలాంటి వంపు అంత ఖరీదవుతుంది. డొల్లతనానికి కారణం బాట్‌ల ఉనికి కాదు, తెలిసిన మనుషులు రాకపోవడం. వాళ్లు రావాలంటే తమ ఆర్డరుకు ఎదురుగా నిలబడే ఆర్డరు ఉండాలి.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. బాట్ వేగం మామూలు మనిషి జేబు కొడుతోందన్నది ఆ మాట. పాలీమార్కెట్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు ధరల మధ్య తేడాలను పట్టుకుని సంపాదించిన లాభం దాదాపు 4 కోట్ల డాలర్లని ఒక పరిశోధన తేల్చింది. ఈ డబ్బు తప్పు ధరకు ఆర్డరు పెట్టినవాళ్ల నుంచే వచ్చింది. కానీ పాత కమిషనర్ ప్రతి గెలుపులో నూటికి 5 తీసుకున్నాడని మరచిపోకూడదు. పోటీ పడే బాట్‌లు ఆ కమిషన్‌ను ఒకటి రెండు సెంట్ల తేడాకు దించాయి. అప్పుడు అందరూ కొంచెం కొంచెం కట్టేవారు, ఇప్పుడు తొందరపడినవాళ్లు ఎక్కువ కడుతున్నారు. అది మేలో కీడో మనిషిని బట్టి మారుతుంది. వాదన పూర్తిగా అటువైపు మొగ్గేది మరో చోట. ఒకే యజమాని రెండు ఖాతాలతో తనకు తానే అమ్ముకుని, బజారు కళకళలాడుతోందన్న భ్రమ పుట్టించవచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో వేసిన లెక్క ప్రకారం పాలీమార్కెట్ మూడేళ్ల లావాదేవీల్లో దాదాపు పావు వంతు ఇలాంటివే అయి ఉండవచ్చు. ఇది బాట్‌తో పుట్టిన మోసం కాదు. పాత న్యూయార్క్‌లోనూ తమ అభ్యర్థికి ఊపు తేవడానికి ఉత్తుత్తి పందాలు ప్రకటించేవారు. కానీ అక్కడ పందెం కట్టినవాడి పేరును పత్రికలు అడిగేవి. ఇక్కడ ఖాతా అంటే అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక చిరునామా.

అసలు ఇదంతా జూదమే, దానికి చరిత్ర ఎందుకు అన్నది మూడో అభ్యంతరం. మన దేశపు అనుభవం దీనికి కొంత బలమిస్తుంది. కలకత్తా బడాబజార్‌లో వాన ఎంత పడుతుందన్న దాని మీద నడిచిన పందాలను బెంగాల్ ప్రభుత్వం 1897లో చట్టం చేసి ఆపింది. ఆ పందాల్లోనూ ధర చెప్పే దళారులే కీలకం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా అదే దారి పట్టింది, అభిప్రాయాల మీద వాటాలు అమ్మే మన యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ చట్టంలో ఒక వివేకం ఉంది: ఆడినవాడికి కాదు, ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. నష్టపోయేవాడిని కాపాడాలంటే పట్టుకోవలసింది నడుమ ఉన్నవాడినే అన్న గ్రహింపు అది. నిషేధం సరైనదా కాదా అన్నది ప్రతి సమాజం తన ఇళ్లలో కూలిన బతుకులను లెక్కపెట్టి తేల్చుకోవలసిన మాట. అయితే నిషేధించినా, అనుమతించినా చట్టం చూపు పడవలసిన చోటు ఒక్కటే.

అందుకే బాట్‌లను అనుమతించాలా వద్దా అన్న ప్రశ్న మనల్ని దారి తప్పిస్తుంది. రెండు ధరలు చెప్పే చెయ్యి లేకుండా ఇలాంటి బజారు రోమ్‌లో లేదు, న్యూయార్క్‌లో లేదు, అయోవాలోనూ లేదు. ఆ చేతిని తీసేస్తే మిగిలేది ఇద్దరి మధ్య పందెం, దాని ధర ఎవరికీ ఏమీ చెప్పదు. అడగవలసిన ప్రశ్నలు పాతవే. ఈ ఆర్డరు ఎవరిది? అమలైతే చెల్లించే సొమ్ము ఎక్కడుంది? అవతలి ఆర్డరు కూడా ఇతనిదేనా? కమిషనర్ విషయంలో ఈ మూడింటికీ జవాబు అతని ముఖమే, అందుకే ఎవరూ వాటిని నియమాలుగా రాయలేదు. ఇప్పుడు రాయాలి. ప్రతి బాట్‌కూ బాధ్యుడైన ఖాతాదారుడు నమోదు కావాలి. ఆర్డరు పట్టీ ఎక్కేముందే దాన్ని చెల్లించే సొమ్ము పక్కన పెట్టించాలి. ఒకే చేతి కింద ఉన్న ఖాతాలు ఒకదానికొకటి అమ్ముకుంటే ఆ లావాదేవీని లెక్కలోంచి తీసేయాలి. ఇవి చేయలేని బజారు చెప్పే 62ను వార్తగా అచ్చు వేసే పత్రికలు, దాన్ని నమ్మే పాఠకులు, దాని వెనక ఎవరూ లేరన్న సంగతిని కూడా ఆ అంకె పక్కనే చదువుకోవాలి.